గిన్నెలో కొలత, ఒడిలో గారాబం

ఎలుకల బెడద పోగొట్టడానికి రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని పంచి, దానికి పాలు పోయడానికి ఒక ఆవును కూడా ఇప్పించారన్న తెనాలి రామకృష్ణుడి కథ మనందరికీ తెలుసు. ఆ కథ జరిగిందని చెప్పుకునే హంపి 2021లో విజయనగర జిల్లా విడిపోయేదాకా మన బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఊరంతా పిల్లులకు పాలు పోసి పోసి అడుగు తీసి అడుగు వేయలేనంతగా బలిపించారు. రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి మళ్ళీ పాలగిన్నె వైపు చూడలేదు. కథ వింటూ ఆయన తెలివికి నవ్వుకుంటాం.

ఇంట్లో ముసలి పిల్లి ఉన్నవాళ్ళు అదే కథను ఒకసారి పిల్లి వైపు నుంచి చూడాలి. ఒకచోట బలిసి కదల్లేకపోయింది, ఇంకోచోట బెదిరి చిక్కిపోయింది. గిన్నె నింపినవాళ్ళు గానీ, గిన్నెంటేనే భయం పుట్టించినవాడు గానీ దానికి ఏం కావాలో చూడలేదు.

ఈ అధ్యాయం చూపేది మూడో దారి. గారాబం మానమని నేను చెప్పను. పదేళ్ళపాటు మీ గడపను నమ్ముకుని బతికిన ప్రాణికి గారాబం హక్కు. ఆ గారాబం గిన్నె దగ్గరే ఆగిపోకూడదన్నదే నా మాట. గిన్నెలో కొలత ఉండాలి. కొలత అక్కర్లేని ప్రేమ ఒడిలో, ఆటలో, మాటలో, మన చూపులో ఉండాలి.

వయసు లెక్క

పిల్లి ఏడో ఏట నడివయసులో అడుగుపెడుతుంది. పదేళ్ళు దాటితే పశువైద్యులు దాన్ని ముసలిదిగానే లెక్కిస్తారు. మనుషుల వయసుతో పోల్చితే పదేళ్ళ పిల్లి సుమారు 56 ఏళ్ళ మనిషి, పదిహేనేళ్ళ పిల్లి 76 ఏళ్ళ పెద్దమనిషి.

ఈ ప్రయాణంలో ఒక మలుపుంది. ఏడు నుంచి పదకొండేళ్ళ మధ్య ఆట తగ్గి, తిండి తగ్గక, పిల్లి లావెక్కుతుంది. పన్నెండు దాటాక కథ తిరగబడుతుంది. కొవ్వునూ మాంసకృత్తులనూ అరిగించుకునే శక్తి చాలా పిల్లుల్లో తగ్గుతుంది. అంతే తింటున్నా వెన్నెముక చేతికి తగలడం మొదలవుతుంది. కాబట్టి ‘ముసలిది కదా, తక్కువ పెడదాం’ అన్నదీ, ‘ముసలిది కదా, అడిగినంత పెడదాం’ అన్నదీ రెండూ గుడ్డి లెక్కలే. కొలిచి చూసిన లెక్కే లెక్క.

కొలవడం కష్టమేమీ కాదు. మనం బరువు చూసుకునే మిషను మీద ముందు మీరొక్కరే నిలబడండి, తర్వాత పిల్లిని ఎత్తుకుని నిలబడండి. తేడా రాసిపెట్టుకోండి. నెలకోసారి చాలు. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే తన బరువులో 5 శాతం పోయినట్టు. 60 కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినట్టన్నమాట. మిషను లేనివాళ్ళు చేతివేళ్ళతో పక్కటెముకలు తడమండి. పలచని మెత్తదనం కింద ఎముకలు తెలియాలి. వెతికినా దొరక్కపోతే లావు, చూడగానే కనిపిస్తుంటే చిక్కినట్టు.

ఆకలా, అలవాటా?

తిండిపోతు పిల్లికి మన మనసు కరిగించే విద్య బాగా తెలుసు. 2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కరెన్ మెక్‌కోంబ్ బృందం దీన్ని పరిశీలించింది. తిండి అడిగేటప్పుడు కొన్ని పిల్లులు మామూలు గుర్రుగుర్రులోనే సన్నని ఏడుపులాంటి స్వరాన్ని కలుపుతాయని తేలింది. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్ళు కూడా ఆ శబ్దం వినగానే ఏదో అత్యవసరమని అనుకున్నారు. తెల్లారుజామున అయిదింటికి మీ చెవి పక్కన వినిపించేది అదే.

అప్పుడు లేచి గిన్నె నింపితే పిల్లి నేర్చుకునేది ఒక్కటే: ఏడిస్తే వస్తుంది. తొమ్మిది సార్లు లేవకుండా పదోసారి లేస్తే ఇంకా మొండికేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఫలితం కోసం ప్రాణి ఎంతసేపైనా ప్రయత్నిస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో చూపించాడు. మన పట్టుదల సడలిన ఆ ఒక్కరోజే దాని పట్టుదలకు ఎరువు.

దీనికి మందు కోపం కాదు, వేళ. రోజుకు నాలుగు పూటలు పెట్టుకోండి. పిల్లి పుట్టుకతోనే చిన్నచిన్న ఎలుకల్ని పట్టి పలుమార్లు కొద్దికొద్దిగా తినే జంతువు, ఒకేసారి కడుపునిండా పెట్టడం దానికి పడదు. చివరి పూట మీరు పడుకోబోయే ముందు ఉంచండి. పొద్దున లేవగానే కాకుండా మొహం కడుక్కుని, కాఫీ తాగాక పెట్టండి. మీరు లేవడానికీ దాని గిన్నెకూ ఉన్న ముడి తెగుతుంది. మొదటివారం అరుపు పెరుగుతుంది. ఆ వారం నిలబడినవాళ్ళు గెలుస్తారు.

ఒకటి మరిచిపోవద్దు. ఇదంతా డాక్టరు చూసి జబ్బేమీ లేదన్న పిల్లికి. ముసలి పిల్లికి కొత్తగా ఆకలి పెరిగితే అది మొండితనం కాకపోవచ్చు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

గుడ్డు లెక్క

నాలుగు కిలోల ఇంటిపిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. మనకు 2,000 అనుకుంటే అందులో పదోవంతు. ఒక ఉడికించిన గుడ్డులో 70 కేలరీలుంటాయి. అంటే మనం ప్రేమగా పెట్టిన ఒక్క గుడ్డు దానికి, మనం ఒకే విడతలో 700 కేలరీలు తిన్నట్టు. వంద మిల్లీలీటర్ల చిక్కటి గేదెపాలలో సుమారు 100 కేలరీలు. అది దాని రోజుభత్యంలో సగం.

చిరుతిండి మొత్తం తిండిలో పదోవంతు దాటకూడదన్నది పశువైద్యుల సూత్రం. అంటే 20 కేలరీలు. ఉడికించిన కోడిమాంసం లెక్కన పది పన్నెండు గ్రాములు. దాన్ని గోరంత ముక్కలుగా చీల్చితే రోజంతా అయిదారుసార్లు పెట్టొచ్చు. పిల్లికి పెద్ద ముక్క, చిన్న ముక్క తేడా పట్టదు. మీ చేతినుంచి ఎన్నిసార్లు వచ్చిందన్నదే దానికి పండగ.

లావు పిల్లిని సన్నబరచాలని పస్తు పెట్టడం మాత్రం ప్రాణాపాయం. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని అది పనిచేయడం మానేస్తుంది. వారానికి ఒంటి బరువులో ఒక శాతం దగ్గర తగ్గడం క్షేమం. అయిదున్నర కిలోల పిల్లికి అది 55 గ్రాములు. నిదానమే ప్రధానం అన్నది ఇక్కడ అక్షరాలా వైద్యం.

మన వంటింట్లో ఏది మేలు, ఏది విషం

పిల్లి మాంసాహారి. కోరికవల్ల కాదు, శరీర నిర్మాణం వల్ల. టారిన్ అనే పోషకం మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో, పప్పులో ఉండదు. అది చాలకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పిల్లుల్లో ఈ గుండెజబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో అమెరికాలో పాల్ పియాన్ బృందం నిరూపించాక, పిల్లి ఆహారం తయారుచేసేవాళ్ళు దాని పాళ్ళు పెంచారు. కాబట్టి పెరుగన్నం మీద, పాలూ రొట్టె మీద బతికే పిల్లి కడుపు నిండిన పిల్లే గానీ పోషణ అందిన పిల్లి కాదు.

మా ఇంట్లో మాంసం వండము అనే కుటుంబాలు బళ్ళారిలో చాలా ఉన్నాయి. వాళ్ళు ఇబ్బందిపడక్కర్లేదు. పిల్లుల కోసమే తయారైన సంపూర్ణ ఆహారం ప్యాకెట్లలో దొరుకుతుంది. దానికో గిన్నె, దానికో మూల కేటాయిస్తే మీ వంటింటి ఆచారమూ నిలుస్తుంది, దాని ప్రాణమూ నిలుస్తుంది. ఏడేళ్ళు లేదా పదకొండేళ్ళు దాటిన పిల్లులకని రాసి ఉన్నది చూసి కొనండి.

మాంసం వండేవాళ్ళు దాని వాటాను మసాలా పడకముందే తీసి, ఉప్పు లేకుండా విడిగా ఉడికించండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి నెత్తురులోని ఎర్రకణాలను పగలగొడతాయి. పచ్చివే కాదు, వేయించినవీ, పొడి చేసినవీ అంతే. బళ్ళారిలో పొద్దున పూట ఉగ్గాని, బజ్జి లేని వీధి ఉండదు. బొరుగులకు అంటిన ఆ తాలింపు ఉల్లిపాయ చాలు. ప్లేటు నాకనివ్వకండి. తుంగభద్ర డ్యాం చేప తెస్తే ముళ్ళు తీసి ఉడికించి పెట్టండి. కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది.

పాల సంగతి. పిల్లి పెద్దదయ్యేకొద్దీ పాలలోని లాక్టోజును అరిగించే శక్తి తగ్గిపోతుంది. పాలు పడక విరేచనాలు పట్టిన ముసలి పిల్లి మన బళ్ళారి ఎండలో తొందరగా నీరసించిపోతుంది. ఇక తీపి అంటారా, పిల్లి నాలుకకు తీపి తెలియనే తెలియదు. తీపిని గుర్తించే జన్యువు పిల్లుల్లో పనిచేయదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పాయసం కోసం మీ కాళ్ళకు చుట్టుకుంటోందంటే అది నేతి వాసన మహిమ. కాబట్టి తీపి పెట్టలేదని బాధపడే పని లేదు.

అన్నిటికంటే పెద్ద విషం మందుల డబ్బాలో ఉంది. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. దాన్ని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో దాదాపు లేదు. ఫినాయిల్ కూడా అందుకే ప్రమాదం. తడి బండల మీద నడిచి, పాదాలు నాక్కుంటుంది. ఇల్లు తుడిచాక మంచినీళ్ళతో మరోసారి తుడిచి, ఆరేదాకా పిల్లిని వేరే గదిలో ఉంచండి.

అవ్వతో ఒప్పందం

ఏ ఇంట్లోనైనా పిల్లి తిండి లెక్క తప్పేది ఒక్కరివల్ల కాదు. నలుగురూ తలా ఇంత పెడతారు, ఎవరికి వాళ్ళు కొంచెమే పెట్టామనుకుంటారు. మా పిల్లి చిట్టెమ్మకు పదమూడేళ్ళు. మా అవ్వ నడిమింట్లో కూర్చుని అన్నం కలుపుకుంటే చాలు, అది వచ్చి కంచానికి జానెడు దూరంలో ముందుకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంటుంది. అరవదు. కంచాన్ని చూడదు. అవ్వ మొహాన్నే చూస్తుంది. ముద్ద నోటిదాకా వెళ్ళినప్పుడల్లా దాని తల కూడా ఆ ముద్దతోపాటు పైకి లేస్తుంది. మూడో ముద్దకు అవ్వ చెయ్యి ఆగుతుంది.

“పొద్దున్నుంచి ఎన్నిసార్లు పెట్టినావవ్వా?” అని నా కూతురు అడిగింది.

“యాడ పెట్టినా? రవ్వంత పెరుగన్నం, అంతే. దాని మొగం జూడు, ఎట్ల అయిపోయిందో.”

“నిన్న డాక్టరు ఏం చెప్పినాడు?”

“ఆయప్పకేం, చెప్పిపోతాడు. నోరులేని జీవానికి అన్నం పెట్టేదానికి గూడ లెక్కలు రాయాల్నా?”

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. కరువులు చూసిన రాయలసీమ ఇళ్ళలో పెట్టే చెయ్యిని ఆపడమంటే మనిషిని అవమానించినట్టే. ఆ చేతిని ఆపకుండా దారి వెతకాలి. మా ఇంట్లో దొరికిన దారి ఒక స్టీలు డబ్బా. రోజు తిండి మొత్తం పొద్దున్నే తూచి, చిరుతిండితో సహా అందులో పెట్టేస్తాం. డబ్బా పెత్తనం అవ్వది.

“అయితే డబ్బా నా దగ్గరే ఉండాల. ఎవురన్నా పెట్టాలంటే నన్నడిగి పెట్టండి” అంది అవ్వ.

లెక్క రాయనన్న మనిషే ఇప్పుడు లెక్క కాపలా కాస్తోంది. ఇందులో మనుషులతో మెలగడం గురించి ఒక పాఠం ఉంది. ప్రేమకొద్దీ పొరపాటు చేసేవాళ్ళ చేతిలోంచి పని లాక్కుంటే చాటుగా చేస్తారు. బాధ్యత అప్పజెబితే బాహాటంగా, సరిగ్గా చేస్తారు. మీ ఇంట్లో ఎవరు ఎక్కువ పెడుతున్నారో వాళ్ళకే డబ్బా ఇవ్వండి.

గోడ అవతలివాళ్ళను కూడా ఒప్పందంలో కలుపుకోండి. మన పిల్లి పక్కింట్లో కన్నడంలో అడిగి తింటుంది, ఎదురింట్లో ఉర్దూలో అడిగి తింటుంది. డాక్టరు చెప్పిన నాలుగు ముక్కలు తెలుగులో, కన్నడంలో చీటీ రాసి ఇవ్వండి. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర వైపు, బళ్ళారి మైసూరు వైపు పోయినా, మన చుట్టాలు రెండువైపులా ఉన్నారు. పెళ్ళికో పేరంటానికో ఆదోని పోయి రెండు రాత్రులు ఆగిపోతాం. ఆ రెండురోజులు పిల్లి తింటోందా లేదా అని చూసేది ఆ పక్కింటివాళ్ళే. గిన్నె నింపి పోవడం కాదు, అది తిన్నదని ఫోన్లో చెప్పే మనిషిని పెట్టి పోవాలి.

బళ్ళారి ఎండ, బళ్ళారి దారం

ఇంటిపిల్లి పూర్వీకులు ఎడారిప్రాంతపు అడవి పిల్లులు. అందుకే దానికి దాహం తక్కువ. నీళ్ళను తిండి నుంచే రాబట్టుకునేలా పుట్టింది. ఎలుకలో ఉన్నంత నీరు ప్యాకెట్టులోని పొడి గింజల్లో ఉండదు. వాటిలో నీరు పదోవంతు, తడి ఆహారంలో మూడొంతులు పైనే. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో, మూత్రపిండాలు నీరసించే వయసులో, ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. గింజలు పెట్టేటప్పుడు రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలపండి. వెడల్పాటి మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి, తిండికి దూరంగా రెండు మూడు చోట్ల పెట్టండి. రెండుపూటలా మార్చండి. మధ్యాహ్నం మిద్దె మీదికి పోయే తలుపు మూయండి. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే అది ఆపద. నీడకు తెచ్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ ఆసుపత్రికి బయల్దేరండి.

ఇంకో ప్రమాదం మన ఊరి పనిలోనే ఉంది. జీన్స్ కుట్టే ఇళ్ళు బళ్ళారిలో లెక్కలేనన్ని. కుప్పపోసిన ప్యాంట్ల మీద పడుకోవడం పిల్లులకు ప్రాణం. వాటి చుట్టూ దారపు ముక్కలు. పిల్లి నాలుక మీది ముళ్ళు లోపలికి తిరిగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మలేదు. మింగిన దారం ఒకచోట చిక్కుకుంటే పేగు దాని వెంబడి ముడతలు పడి తెగిపోతుంది. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు. కత్తిరించొద్దు. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకుపొండి. సాయంత్రం మిషను ఆపగానే ఊడ్చి, సూదులు మూతపెట్టడం ఇంటి నియమం కావాలి.

డాక్టరును ఎప్పుడు కలవాలి

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. అందుకే మనం గమనించాల్సింది దాని మూలుగును కాదు, మార్పును.

బాగా తింటూ చిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువైందేమో, చక్కెర జబ్బేమో చూపించాలి. నీళ్ళు ఎక్కువ తాగుతూ, మట్టి ట్రేలో తడి ముద్దలు పెద్దవవుతుంటే మూత్రపిండాల పరీక్ష కావాలి. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, వాసన చూసి, తల ఒకవైపు వాల్చి నమిలి వదిలేస్తే పళ్ళ నొప్పి. అలమార ఎక్కడం మానేస్తే సోమరితనం అనకండి, కీళ్ళనొప్పి కావచ్చు. ఒక పీట మెట్టుగా వేయండి, ట్రే అంచు తగ్గించండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మర్నాటికి వాయిదా వేయకండి.

పదేళ్ళు దాటిన పిల్లికి ఆర్నెల్లకోసారి పరీక్ష, డాక్టరు సూచించినప్పుడు రక్తపరీక్ష అవసరం. మన పశు ఆసుపత్రుల్లో ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెలు వస్తాయి. పిల్లులకు రక్తపరీక్ష చేసేదెక్కడ, రాత్రిపూట ఉండేదెవరు అన్నది బాగున్నప్పుడే కనుక్కుని నంబరు గోడ మీద రాసుకోండి. రేబిస్ టీకా ముసలి పిల్లికి కూడా తప్పదు. తెలియని పిల్లి కరిచినా, గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

తిండి కాని గారాబం

ఇప్పుడు అసలు మాట. పిల్లికి తిండే లోకం అని మనం తీర్పు చెప్పేశాం. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ విటాలే బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో పిల్లుల ముందు తిండి, బొమ్మ, వాసన, మనిషి సాంగత్యం ఉంచి ఏది కోరుకుంటాయో చూశారు. 38 పిల్లుల్లో 19 మనిషినే కోరుకున్నాయి. తిండి వైపు వెళ్ళినవి 14.

గిన్నె దగ్గర నిలబడి అరిచే ప్రతిసారీ అది అన్నమే అడుగుతోందని అనుకోవద్దు. మన ఇళ్ళలో పిల్లి పిలిస్తే తిండి తప్ప ఇంకేదీ ఇవ్వం కాబట్టి అది తిండే అడగడం నేర్చుకుంది. వేళకాని వేళలో పిలిస్తే కూర్చుని దువ్వండి. ముసలి పిల్లికి ఒళ్ళు వంగక వీపు వెనక వెంట్రుకలు జడలు కడతాయి, మెత్తని దువ్వెనతో రోజూ పదినిమిషాలు దువ్వితే అది వైద్యమూ, గారాబమూ. ఖాళీ గుడ్ల ట్రే గుంతల్లో దాని వాటా గింజలు వేసి వెతుక్కోనివ్వండి. పొడవాటి పుల్లకు గుడ్డపేలిక కట్టి నేలమీదే ఆడించండి, ఆట అయ్యాక పేలిక దాచేయండి. అయిదు నిమిషాలు ఆడి, తర్వాత భోజనం పెట్టండి. వేటాడి తిన్న తృప్తితో పడుకుంటుంది.

ఈ వారం చేయాల్సినవి

1. పిల్లి బరువు చూసి తేదీతో రాయండి.

2. రెండురోజులు ఇంట్లో ఎవరు ఏం పెట్టారో, మార్చకుండా, తప్పుపట్టకుండా రాయండి. ఆ కాగితంతో డాక్టరును కలిసి రోజు కొలత అడగండి.

3. డబ్బా ఒకటి తీసి, పెత్తనం ఒకరికి అప్పజెప్పండి.

4. కొత్త తిండికి మారుస్తుంటే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి.

5. తిండి కాని గారాబానికి రోజులో రెండు వేళలు ఖాయం చేసుకోండి.

ఈ అభ్యాసం పిల్లితో ఆగదు. చక్కెర జబ్బున్న నాన్నకు ‘ఒక్క లడ్డూ తిను, ఏం కాదులే’ అంటాం. పిల్లాడు విసుక్కుంటే ఫోను, కురుకురేలు చేతిలో పెడతాం. ఎదుటివాళ్ళ మొహంలో ఆశ చూసి తట్టుకోలేక, వాళ్ళకు మేలు చేసేది కాకుండా మన మనసుకు ఊరటనిచ్చేది ఇస్తున్నాం. కాదని చెప్పి, చెప్పాక పక్కనే కూర్చోగలగడం ప్రేమలో కష్టమైన భాగం. కాదని లేచిపోతే అవతలివాళ్ళకు మిగిలేది లేమి. కాదని పక్కన కూర్చుంటే మిగిలేది మనం. ఇంట్లో ముసలి పిల్లి ఉన్నవాళ్ళకు ఆ సాధన రోజుకు నాలుగు పూటలా దొరుకుతుంది. రేపు పొద్దున మొదటి పూటతోనే మొదలుపెట్టండి.